మూడు పనులకూ ఒకటే గొంతు

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

సంగీత కచేరీలు, పిల్లలకు పాఠాలు, ఇప్పుడు సొంతంగా కార్యక్రమాల తయారీ. వీటిలో ఏదో ఒకటి వదులుకోమని ఇంట్లో పోరు పెడుతున్నారని రాశావు. వదలకు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. బాలమురళీకృష్ణగారు విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, ఆకాశవాణిలో కార్యక్రమాలు రూపొందించారు, కచేరీలు సరేసరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు పాటలు రాసి, బాణీలు కట్టి, రేడియో కేంద్రాలు నడిపి, మధ్యలో వాగ్గేయకారుల (తమ పాటలు తామే రాసి బాణీ కట్టినవారి) చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం కూడా అందుకున్నారు. అయితే వాళ్లకు నెల జీతం, స్టూడియో, ఇంజనీరు ఉండేవి. నీకు అవన్నీ నువ్వే.

ముందు గొంతు సంగతి. కచేరీకన్నా పాఠాలే గొంతును ఎక్కువ తినేస్తాయి. నీది ఐదున్నర శ్రుతి, మగపిల్లలు పాడే శ్రుతికన్నా ఎత్తు. మగపిల్లల కోసం కిందికి దిగి గంటల తరబడి పాడి వినిపిస్తే సాయంత్రానికి పై షడ్జం (ఎగువ ‘స’) పట్టు తప్పుతుంది. తంబురా వాళ్ల శ్రుతికి పెట్టి, ఒక్కసారి పాడి చూపించు. ఆపైన వాళ్లనే పాడనివ్వు. తప్పు వచ్చిన చోట ఆపి, ఆ ఒక్క ముక్కే పాడి చూపించు. కచేరీ ముందురోజు పాఠాలు పెట్టుకోకు, ఫీజు పోయినా సరే. శిష్యులతో కలిసి పాడింది సాధన కిందికి రాదు. నీ సాధన తెల్లవారుజామునే, ఫోను చేతిలోకి తీసుకోకముందే అయిపోవాలి.

రికార్డింగుకు ఖరీదైన మైకు కొనాలని ఉబలాటపడుతున్నావు. బోసి గదిలో అది ప్రతిధ్వనిని మరింత బాగా పట్టి ఇస్తుంది! ముందు గోడలకు మందపాటి బొంతలు వేలాడదీయి. మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి పాడితే ప, భ దగ్గర గాలి కొట్టదు. అసలు రికార్డింగును వేవ్ ఫైలుగా (ధ్వనిని కుదించకుండా దాచే ఫైలు) రెండు చోట్ల దాచు. ఎంపీ3 పంపడానికి మాత్రమే.

ఇక కాగితాలు. త్యాగరాజ కీర్తనకు ఇప్పుడు హక్కుదారులెవరూ లేరు. నువ్వు పాడిన రికార్డింగుకు మాత్రం ఉంటారు, మామూలుగా అది డబ్బు పెట్టి చేయించినవారిదే. లలితగీతమైతే రాసినవారినీ బాణీ కట్టినవారినీ ముందే అడగాలి. 2012 కాపీరైట్ చట్ట సవరణతో గాయకులకూ రాయల్టీ హక్కు వచ్చింది కాబట్టి ఒప్పందంలో ‘సర్వహక్కులు’ అన్న మాట కనిపిస్తే సంతకం ఆపు. నీ పక్కవాద్యాలవారికీ హక్కులున్నాయి. వాళ్ల సమ్మతి రాతపూర్వకంగా తీసుకుని, డబ్బు ఆ రోజే చేతిలో పెట్టు.

మీ నాన్నకు నేను ఫోను చేస్తాను. ఒక కంపెనీవాళ్లు ఒప్పందం పంపారన్నావుగా, దాని మీద నేను వచ్చేదాకా సంతకం పెట్టకు, కలిసి చదువుదాం.

అత్తయ్య