క్రోమ్ మీద చెయ్యి వేసే ముందు

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బుల్లెట్ సైలెన్సర్‌కి అంటుకుని మాడిపోయిన రెయిన్‌కోటు ముక్క, ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపు మీద నీలం రంగు, క్రాష్ గార్డు మీద తుప్పు చుక్కలు. ఇవి మూడూ వేరు వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు. ఆదివారం స్టీలు పీచుతో కూర్చుంటానన్నావు. దాన్ని వంటింట్లోనే ఉంచెయ్.

ఎందుకంటే క్రోమ్ అనేది ఒక పూత. ఇనుప పైపు మీద నికిల్ వేసి, దాని మీద క్రోమియం పూస్తారు. నికిల్ సాధారణంగా 10 నుంచి 30 మైక్రాన్లు ఉంటే, పైన ఉండే క్రోమియం అర మైక్రాను దాటడం తక్కువ. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, ఇక నువ్వే లెక్క వేసుకో. క్రోమియం గట్టిదే, మెత్తని గుడ్డకి గీతలు పడవు. కానీ ఎమరీ పేపరు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ వేరు. వాటిలో రాపిడి పొడి ఉంటుంది. ఒకసారి పోయిన పూతని ఇంట్లో మళ్లీ వెయ్యలేం. అందుకే ముందు మరకని మెత్తబరచాలి, రుద్దడం ఆ తర్వాతే.

రెయిన్‌కోటు సంగతి చూద్దాం. బండిని ఆరుబయట పెట్టి కాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచు. ప్లాస్టిక్ మెత్తబడగానే ఆపేసి, చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని, వెదురు బద్దతోనో ఐస్‌క్రీమ్ పుల్లతోనో ఏటవాలుగా పట్టి నెట్టు. చాకు, బ్లేడు, స్క్రూడ్రైవర్ వద్దు. గట్టిపడితే మళ్లీ కాస్త వేడి చెయ్యి. ఒక్కసారిలో రాదు, కంగారు పడకు. పెద్ద ముక్కలు పోయాక పైపు పూర్తిగా చల్లారనివ్వు. అప్పుడే నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్‌ని పాత బనియను గుడ్డ మీద కొంచెం వేసుకుని, మిగిలిన పొర మీద కాసేపు ఆనించి తుడువు. అది ట్యాంకు పెయింటు మీద, ప్లాస్టిక్ భాగాల మీద పడకూడదు. వేడి సైలెన్సర్ దగ్గరికి అసిటోన్, పెట్రోల్, కిరోసిన్ ఏదీ తీసుకురాకు, భగ్గున అంటుకుంటాయి. అంటుకున్నది పాలిథిన్ కవరైతే మాత్రం అసిటోన్‌కి లొంగదు, వేడి చేసి పుల్లతో తియ్యడమే. చివర్లో మిగిలే గోధుమ రంగు మరకకి ఆటోసోల్ లాంటి మెటల్ పాలిష్ చాలు. అదీ చల్లటి పైపు మీదే, మెత్తని గుడ్డతో.

తారు చుక్కలు ఉంటే కిరోసిన్ గుడ్డ పెట్టి నానబెట్టు, దొరక్కపోతే డీజిల్. తర్వాత షాంపూ నీళ్లతో కడుగు.

నీలం రంగు మురికి కాదు. వేడికి క్రోమ్ పైభాగమే ఆక్సిజన్‌తో కలిసి అలా రంగు తిరుగుతుంది. పాలిష్‌తో కొంత తగ్గుతుంది, నాలుగు రోజులు తిరిగితే మళ్లీ వస్తుంది. ప్రతిసారీ రుద్దితే ఆ పలచటి పూతే అరుగుతుంది. నా మాట విని దాన్ని వదిలెయ్. కానీ ఈ మధ్యే ఉన్నట్టుండి ముదిరిందంటే ఇంజిన్‌లోకి పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువవుతోందేమో, సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకుందేమో మెకానిక్‌కి చూపించు. అది పాలిష్‌తో తీరే సమస్య కాదు.

తుప్పు చుక్కలకి నీ వైజాగ్ ఉప్పు గాలే కారణం. పూతలోని సన్నటి రంధ్రాల్లోంచి తేమ లోపలి ఇనుము దాకా వెళ్లి చుక్కలుగా బయటపడుతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి, నీళ్లలో ముంచి, తేలిగ్గా రుద్దు. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన, పూతని గీకదు, తుప్పు మాత్రం ఊడి వస్తుంది. బాగా ఆరబెట్టి, క్రాష్ గార్డుకి కారు వ్యాక్స్ పట్టించు. బెండ్ పైపుకి వ్యాక్స్ వద్దు, వేడికి అదే మరకగా మారుతుంది. పూత పెచ్చులుగా లేచిన చోట ఏం చేసినా దండగ, మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే.

బాత్రూమ్ యాసిడ్ వాడమని ఎవరైనా చెబితే వినకు. అందులోది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమియాన్నే కరిగించేస్తుంది. అమ్మమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు కూడా వద్దు. ఆ ఉప్పు సన్న రంధ్రాల్లో చేరితే తుప్పుని మనమే పిలిచినట్టు. ఇంకొకటి, ఇంజిన్ కవర్లు చాలా బుల్లెట్లలో క్రోమ్ కాదు, మెరుగు పెట్టిన అల్యూమినియం. అయస్కాంతం అంటుకోకపోతే చాలావరకు అదే. వాటి మీద ఘాటైన ఓవెన్ క్లీనర్ పడితే నల్లబడిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు వెనక డిస్కుని గుడ్డతో కప్పు. పాలిష్ గానీ నూనె గానీ దాని మీద పడితే బ్రేకు జారుతుంది, ఈ విషయంలో అశ్రద్ధ అస్సలు వద్దు. అంతా అయ్యాక స్టార్ట్ చేసే ముందు పైపుల మీద పాలిష్ జిడ్డు, వేలిముద్రలు లేకుండా పొడి గుడ్డతో తుడువు. లేకపోతే మొదటి వేడికే అవి కాలి అక్కడే అతుక్కుపోతాయి.

అక్కని, బావగారిని అడిగానని చెప్పు.

మీ మావయ్య