పాత ఎంజీబీని ఇంటి దగ్గరే చూసుకోవచ్చా? ఇంజన్‌కి భయపడకండి, ముందు రేకు చూడండి

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో స్థిరపడ్డారు, 1970ల నాటి ఎంజీబీ (ఎంజీ కంపెనీ తయారుచేసిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఓపెన్ మోడల్ కొనాలని ఉంది, పానా పట్టిన అలవాటు లేదు, గ్యారేజీల చుట్టూ తిరగకుండా ఇంటి దగ్గరే చూసుకోగలరా అని. చూసుకోగలరు. అయితే ఏ పని మీ చేతిలో ఉంటుందో, ఏది ఉండదో కొనకముందే తెలుసుకోవాలి. ఇంజన్, కార్బురేటర్లు, వైరింగు, బ్రేకులు ఓపికుంటే నేర్చుకోవచ్చు. బాడీ తుప్పు అలా కాదు. చాలామంది ఇంజన్‌లో చిన్న టకటక వినబడగానే బెదిరి, తళతళలాడే పెయింటు చూసి డబ్బు ఇచ్చేస్తారు. అది తలకిందుల లెక్క.

నేను ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉంటాను. నా దగ్గరున్నది 1970 నాటి క్రోమ్ బంపర్ రోడ్‌స్టర్. ఏళ్లుగా దాని పనంతా ఇంటి ముందే చేసుకుంటున్నాను. వెల్డింగ్ మాత్రం చేతులు తిరిగినవాళ్లకే ఇస్తాను. కింద రాసేదంతా ఆ అనుభవమే.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. పైన కప్పు కూడా లేదు కాబట్టి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బరువంతా తలుపుల కింద ఉండే సిల్స్ మోస్తాయి. బయటికి కనిపించే సిల్ ఒక పొర మాత్రమే. దాని వెనక నిలువుగా ఒక రేకు, అడుగున క్యాసిల్ సెక్షన్ అనే ఇంకో పెట్టె ఉంటాయి. లోపలివి కుళ్లిపోయినా పైన కొత్త సిల్ ఒకటి అతికించి రంగు వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ముందు చక్రం తోలిన బురద ఫెండర్ వెనక భాగంలో, తలుపుకి ముందు, పేరుకుని తడిగా ఉండిపోతుంది. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అదీ ఆ బురదలో కలుస్తుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. అద్దం కింద, హీటర్‌కి గాలి పోయే చోట నీళ్లు దిగిపోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఆకులతో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి.

కారు చూడబోయేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం, చేతిలో టార్చి ఉండాలి. పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం అంటదు. తలుపుకీ వెనక రేకుకీ మధ్య సందు పై నుంచి కింద దాకా ఒకేలా ఉందా చూడండి. పైన ఇరుకైతే బాడీ మధ్యలో కుంగినట్టే. తర్వాత యజమానిని అడిగి, సిల్ కింద ఉన్న జాకీ పాయింటు దగ్గర కారు ఎత్తించండి. ఎత్తాక ఆ సందు మారితే గానీ, తలుపు పట్టేస్తే గానీ, ఇంజన్ ఎంత బాగా మోగినా వదిలేసి వచ్చేయండి. సిల్స్ మార్చాలంటే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప బద్దెలు బిగించి, ఆ తర్వాతే పాతవి కోయాలి. లేకపోతే బాడీ వంగిపోతుంది, తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు. ఇది ఇంటి ముందు నేర్చుకునే పని కాదని నా గట్టి అభిప్రాయం. రేకు దొరకదన్న బెంగ అక్కర్లేదు. ఇప్పుడు విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే 1988 నుంచి పూర్తి బాడీలు కూడా తయారుచేస్తున్నారు. అబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి కాబట్టి విడిభాగాల వ్యాపారం ఇప్పటికీ బతికే ఉంది.

ఇక ఇంజన్. ఇది 1798 సీసీ బీ-సిరీస్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఈ కుటుంబానిదే. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి అంబాసిడర్‌కి టాపెట్లు (వాల్వుల దగ్గర వదలాల్సిన సన్నటి సందులు) సెట్ చేస్తుంటే పక్కన నిలబడి చూసినవాణ్ణి. ఇక్కడ మొదటిసారి ఎంజీబీ రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) తీసినప్పుడు అంతా తెలిసిన సామానే కనిపించింది. మీ ఇంట్లో అంబాసిడర్ నడిపిన పెద్దవాళ్లుంటే ఫోన్ చేసి అడగండి, మీకంటే వాళ్లకే ఎక్కువ ఉత్సాహం వస్తుంది.

టాపెట్లతోనే మొదలుపెట్టమంటాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. ప్లగ్గులు విప్పి, నాలుగో గేరులో పెట్టి కారుని మెల్లగా తోస్తే ఇంజన్ తిరుగుతుంది. వాల్వులు ఎనిమిది. లెక్క తొమ్మిది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సెట్ చేయాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది, అలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) బిగువుగా జారితే చాలు. ప్రతిసారీ ఏ వాల్వు ఎంత ఉందో పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎందుకంటే ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లో తయారైంది. బ్రిటన్‌లో ఆ పెట్రోల్ సాధారణ అమ్మకం 1999తో ఆగిపోయింది. హెడ్‌లో (ఇంజన్ పైభాగం) గట్టి ఎగ్జాస్ట్ సీట్లు, అంటే వాల్వు కూర్చునే చోట్లు, వేయించకపోతే వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోతూ సందు తగ్గుతుంది. ఎగ్జాస్ట్ సందులు మాత్రమే మాటిమాటికీ బిగుసుకుంటున్నాయని పుస్తకం చెబితే, హెడ్ విప్పించే రోజు దగ్గర పడిందన్నమాట. డబ్బు సిద్ధం చేసుకోవడానికి మీకు ముందే సమయం దొరుకుతుంది.

బండి సరిగ్గా నడవనప్పుడు అందరి చెయ్యీ కార్బురేటర్ మీదికే పోతుంది. చివర ముట్టుకోవలసింది అది. వరస ఎప్పుడూ ఇదే: టాపెట్లు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు (ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు), టైమింగ్ (ఆ రవ్వ పడే వేళ), ఆ తర్వాతే కార్బురేటర్లు. ముందువి సరిగ్గా లేకుండా కార్బురేటర్ తిప్పితే రెండు తప్పులు కలిసిపోయి, ఏది ఏదో విడదీయలేరు.

ఒక వేసవి సాయంత్రం ఏ34 రోడ్డు మీద నా బండి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. చల్లారాక స్టార్టయింది, కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. సాయానికి ఆగిన ఒకాయన పెట్రోల్ ఆవిరైపోతోందన్నాడు. ఇగ్నిషన్ ఆన్ చేసి వెనక్కి చెవి పెట్టాను. ఎస్‌యూ కంపెనీ పెట్రోల్ పంపు కాసేపు టిక్కుటిక్కుమని ఆగింది, అంటే కార్బురేటర్లు నిండి ఉన్నాయి, పెట్రోల్‌కి లోటు లేదు. కాయిల్‌కి (నిప్పురవ్వ కోసం కరెంటు ఒత్తిడి పెంచేది) వచ్చే తెల్ల వైరు మీద టెస్ట్ ల్యాంపు వెలిగింది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే తెలుపు-నలుపు వైరు మీద, సెల్ఫ్ కొడుతుంటే, ల్యాంపు మిణుకుమిణుకుమంది. అంటే పాయింట్లు తెరుచుకుంటున్నాయి. కానీ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ నీరసంగా, పసుపుగా ఉంది. మిగిలింది పాయింట్ల పక్కన ఉండే చిన్న ముక్క, కండెన్సర్. డిక్కీలో ఉన్న పాతది వేసి ఇంటికి వచ్చేశాను. పాడైంది ఈ మధ్యే కొత్తగా కొన్నది. ఇప్పుడు వచ్చే కండెన్సర్లు, రోటార్లు అన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. అందుకే పని చేస్తున్న పాత ముక్కని మార్చినా పారేయకండి, పేరు రాసి డిక్కీలో పెట్టుకోండి.

కార్బురేటర్ల దగ్గరికి వద్దాం. రెండు ఎస్‌యూలు. నాకు ఈ కారులో అన్నిటికన్నా ఇష్టమైన భాగాలు ఇవే. లోపల ఒక పిస్టన్, దానికి ఒక సూది, కింద ఒక జెట్, అంతే. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది, సూది అంత పైకి వచ్చి అంత పెట్రోల్ వదులుతుంది. పిస్టన్ మరీ గబుక్కున లేవకుండా పైన గొట్టంలో కొంచెం పల్చటి ఆయిల్ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడితే ముందు అది ఉందో లేదో చూడండి. సెట్ చేయడానికి ఇంజన్ బాగా వేడెక్కాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి చప్పుడు రెండిట్లో సమానమయ్యే దాకా స్క్రూలు తిప్పాలి. ఆ తర్వాత మిక్చర్. పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని రవ్వంత ఎత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. ఇంజన్ తడబడి ఆగబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. నా బండిలో లాంటి కార్బురేటర్లయితే కింద ఆరు పలకల నట్టుని ఒకసారికి ఒక్క పలక మాత్రమే తిప్పి మళ్లీ వినండి. తొందర పడేవాళ్లకి ఈ పని లొంగదు.

పెట్రోల్ గురించి ఒక్క మాట. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10. అందులో ఎథనాల్ పది శాతం దాకా ఉండొచ్చు, పాత రబ్బరు పైపులని అది తినేస్తుంది. ఈ5 సూపర్ పోయండి. ఎథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం పైపులతో పాతవన్నీ మార్చండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

లూకాస్ (ఈ కారు కరెంటు సామాను చేసిన కంపెనీ) వైరింగ్ అనగానే జనం దండం పెడతారు. నేను ఒప్పుకోను. ఆ రంగుల పద్ధతి అర్థమైతే కారు తన రోగం తనే చెబుతుంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఫ్యూజు లేదు, జాగ్రత్త. తెలుపు ఇగ్నిషన్ ఆన్ చేస్తే వచ్చేది. అదే ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది: బ్రేకు లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు. ఊదా ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజు వైరు, హారన్ దానిదే. హెడ్‌లైట్లకి నీలం, సైడ్ లైట్లకి ఎరుపు. నలుపు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా తిరిగి పోయే దారి. నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఈ నలుపు దగ్గరే తేలాయి. తుప్పు పట్టిన స్క్రూ కింద ఎర్త్ అందక ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు వెలుగుతుంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగితే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కొత్త భాగం ఏదైనా ఆర్డరు పెట్టే ముందు ఆ స్క్రూలు విప్పి గరుకు కాగితంతో రుద్దండి. 1967 చివరి దాకా వచ్చిన కార్లలో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి) ఉంటుంది, బ్యాటరీ తగిలించే ముందు అది తేల్చుకోండి.

బ్రేకుల పని నేర్చుకోవచ్చు కానీ మొదటిసారి తెలిసినవాళ్లు పక్కనుండాలి. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు దుమ్ముని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, తడిపి, గుడ్డతో తుడిచి, సంచిలో కట్టేయండి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. కారు కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకండి. గట్టి నేల మీద యాక్సిల్ స్టాండ్లు పెట్టి, కారుని ఊపి చూసి, ఆ తర్వాతే తల పెట్టండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

సామాను పెద్దగా అక్కర్లేదు. నట్టులన్నీ అంగుళాల లెక్కే. మిల్లీమీటర్ పానాలతో తిప్పితే మూలలు అరిగిపోతాయి, ఏఎఫ్ (అంగుళాల కొలత) పానాల సెట్టు కొనండి. ఫీలర్ గేజ్, టైమింగ్ లైటు, టెస్ట్ ల్యాంపు, గ్రీజు గన్. ముందు చక్రాల కింగ్‌పిన్‌లకి (చక్రం పక్కకి తిరిగే ఇరుసులు) ఒక్కో వైపు గ్రీజు కొట్టే మూడు నిపుల్స్ ఉంటాయి, చక్రం గాలిలో ఉన్నప్పుడు కొడితేనే గ్రీజు అన్ని వైపులా దిగుతుంది. ఏళ్ల తరబడి గ్రీజు చూడని కింగ్‌పిన్ మార్చడం ఖరీదైన పని. ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 ఆయిల్, జింక్ ఉన్నది.

నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకి 2018 మే నుంచి ఇక్కడ ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డుకి పనికొస్తుందో ఏటా చూసేది) తప్పనిసరి కాదు. ఇలాంటి పాత కార్లకి రోడ్డు ట్యాక్సూ లేదు. అయినా నేను ఏటా స్వచ్ఛందంగా చేయిస్తాను. లిఫ్ట్ మీద ఎత్తి, సంబంధం లేని మనిషి అడుగంతా చూసి చెప్పడం ఆ ఫీజుకి చౌక. బండి రోడ్డు మీద నడిచే స్థితిలో ఉంచే బాధ్యత చట్టప్రకారం ఎలాగూ మనదే.

కొనకముందే అబింగ్డన్‌లోని ఎంజీ కార్ క్లబ్‌లో చేరండి. 1930లో పుట్టిన క్లబ్ అది. మీ ఊరి చుట్టుపక్కల సభ్యుల్లో సిల్స్ చేయించుకున్నవాళ్లని పట్టుకుని, ఎవరి దగ్గర చేయించారో, ఎంతయిందో అడగండి. ఆ అంకె చేతిలో ఉంచుకుని, అప్పుడు బేరానికి వెళ్లండి.