వజ్రం మీద మోజు ఎందుకు తగ్గదు? తుగ్గలి చేలల్లో వెదికిన అనుభవంతో ఒక జవాబు

వజ్రాలు అంత అరుదైనవేమీ కావనీ, ఇప్పుడు యంత్రాల్లో కూడా తయారవుతున్నాయనీ తెలిశాక కూడా జనానికి వాటి మీద మోజు ఎందుకు తగ్గడం లేదని మీరు అడిగారు. మాది కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతం. నగల దుకాణంలో చూడకముందే వజ్రం కోసం చేలల్లో వెదికినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను.

తొలకరి వానలు పడగానే తుగ్గలి మండలంలోని జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లోకి జనం వస్తారు. కడప, అనంతపురం, బళ్ళారి వైపు నుంచి కూడా సద్దిమూటలతో వచ్చి, చెట్ల కింద, గుడి మంటపాల్లో తలదాచుకుంటూ, వాన పైమట్టిని కడిగేశాక తేలిన గులకరాళ్ల మీద నుంచి చూపు మరల్చకుండా రోజుల తరబడి నడుస్తారు. పదేళ్ల వయసులో మా అవ్వ వెంట నేనూ అలా నడిచాను. "మెరిసేదాని యెంట పోవాకురా" అని ఆమె మొదటే చెప్పింది. సానపట్టని వజ్రం తళుక్కుమనదు, చమురు పూసిన పటికముక్కలా ఉంటుంది. ఎండకు మెరిసేది చాలావరకు పలుగురాయే. అయినా నేను మెరిసేదాన్నే ఏరాను. దాన్ని వ్యాపారి దగ్గరికి తీసుకువెళితే, అతడు దాని మీద ఒక్కసారి ఊపిరి ఊది, పట్టిన ఆవిరి పోకపోవడం చూసి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టేశాడు. వజ్రం వేడిని అతివేగంగా లాగేస్తుందనీ, అందుకే దాని మీద ఆవిరి నిలవదనీ కాలేజీకి వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు.

ఈ వెదుకులాట మా నేలకు కొత్తది కాదు. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేవరకు, బోర్నియోలో దొరికిన కొద్దిపాటివి మినహా, ప్రపంచానికి వజ్రాలు మన దేశం నుంచే వెళ్లేవి. చాలామంది అనుకుంటున్నట్టు గోల్కొండలో గని ఏదీ లేదు. కృష్ణా తీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల దొరికిన రాళ్లు అమ్మకానికి అక్కడికి చేరేవి కాబట్టి ఆ బజారు పేరే వాటికి స్థిరపడింది. కుతుబ్‌షాహీల కాలంలో వచ్చిన ఫ్రెంచ్ రత్నవర్తకుడు టావెర్నియర్, కొల్లూరులో ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఆ కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. అక్కడి మేలిరకం రాళ్లలో నత్రజని దాదాపుగా ఉండదు కాబట్టి అవి నీటిచుక్కంత తేటగా ఉంటాయి. ఆ రకం రాయి ఎక్కడ దొరికినా వర్తకులు నేటికీ గోల్కొండ పేరే వాడుతుంటారు. అన్నట్టు, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా పెట్టుకున్న 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని మనవాళ్లు గోల్కొండదే అనుకుంటారు గానీ, అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది.

దక్షిణాఫ్రికాలో 1867లో మొదటి రాయి దొరికింది, ఆ తరువాత కింబర్లీ గనులు తెరుచుకున్నాయి. భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టిన వజ్రాలను పైకి మోసుకొచ్చే రాతికి ఆ ఊరి పేరు మీదనే కింబర్లైట్ అని పేరు పెట్టారు. పేరులోనే వజ్రం ఉన్న మా అనంతపురం వజ్రకరూరు దగ్గర కూడా సుమారు 110 కోట్ల ఏళ్లనాటి కింబర్లైట్ ఉంది. ఆ పేరు పెట్టే అవకాశం మనకు తప్పిపోయిందని నాకు కొంచెం ఉక్రోషం. రాళ్లు కుప్పలుగా రావడంతో 1888లో ఏర్పడిన డి బీర్స్ సంస్థ సరఫరాను గుప్పిట్లో పెట్టుకుని ధర పడిపోకుండా చూసింది. 1947లో వజ్రం శాశ్వతమన్న ప్రకటనతో నిశ్చితార్థపు ఉంగరాన్ని అమెరికాలో తప్పనిసరి చేసింది. మోజు అంతా ఆ ప్రకటనల మాయే అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. ఆ సంస్థ పుట్టకముందే మన ఇళ్లలో రవ్వల బేసరి, ఏడురాళ్ల కమ్మలు ఉన్నాయి. రవ్వలో కాకిపాదం, అంటే కాకి కాలి ఆకారపు మచ్చ, ఉంటే ఇంటికి అచ్చిరాదని ఎంచి చూసే పెద్దలూ ఉన్నారు.

అరుదుతనం మీద ఆధారపడి కొంటే నష్టపోతారన్నది మాత్రం నిజం. మా చెల్లెలు తన ఉంగరాన్ని అమ్మబోతే దుకాణంవాళ్లు బంగారాన్ని తూచి ధర కట్టారు, రాయికి కొన్నదానిలో సగం కూడా ఇవ్వలేదు. ఇక యంత్రంలో పుట్టిన రాయి నకిలీ కాదు, అదీ కర్బనమే. 1954లోనే అమెరికాలో చేసి చూపారు. మా అమ్మాయి పోయినేడు అలాంటి రవ్వలతోనే కమ్మలు చేయించుకుంది. పెట్టె తెరిచి నేను చేసిన మొదటి పని, ఒక రవ్వ మీద ఊపిరి ఊదడం. ఆవిరి ఇట్టే ఎగిరిపోయింది. ఆనాటి వ్యాపారి ఉండి ఉంటే, ఆ రాయి ఏ చేలో దొరికిందని అడిగి బేరం మొదలుపెట్టేవాడు.