బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ వైమానిక దళంలో రిజర్వ్ పైలట్ కావచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "వయసు 22 ఏళ్ళ 3 నెలలు. జేఎన్‌టీయూ బీటెక్, మారతహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికాలో మా బావగారి ఆఫీసులో ఒకాయన ఉద్యోగం చేసుకుంటూనే ఎయిర్ ఫోర్స్ రిజర్వ్‌లో విమానం నడుపుతాడట. మన దగ్గర అలాంటిది ఉందా, ఎలా అప్లై చేయాలి? కళ్ళద్దాలు మైనస్ 1.25."

లేదు. ముందు ఈ ముక్క తేల్చేసుకోండి. ఇలాంటిదేదో ఉంటుందని వెతుక్కుంటూ ఇంకో ఏడాది గడిపేస్తే, నిజంగా ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

రిజర్వ్ అనే మాట మన చట్టంలో లేకపోలేదు. 1952లోనే రిజర్వ్ అండ్ ఆక్సిలరీ ఎయిర్ ఫోర్సెస్ యాక్ట్ వచ్చింది. మద్రాసు లాంటి నగరాల్లో ఆక్సిలరీ స్క్వాడ్రన్లు పెట్టారు కూడా. తర్వాత ఆ పద్ధతి పోయింది. ఇవాళ బయటివాళ్ళను పార్ట్‌టైమ్ పైలట్‌గా చేర్చుకునే నోటిఫికేషన్ రాదు. టెరిటోరియల్ ఆర్మీలో ఉద్యోగస్తులు 42 ఏళ్ళ దాకా ఆఫీసర్‌గా ప్రయత్నించవచ్చు, మంచి అవకాశమే, కానీ ఆ దారిలో విమానం దొరకదు. ధోనీ పేరు, సచిన్ పేరు చెప్పి వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. సచిన్‌కు 2010లో గ్రూప్ కెప్టెన్, ధోనీకి 2011లో లెఫ్టినెంట్ కల్నల్ ఇచ్చారు, రెండూ గౌరవ హోదాలే. ఇక అమెరికా సంగతి: అక్కడ రిజర్వ్ స్క్వాడ్రన్లు తమకు కావలసిన పైలట్లను తామే ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాయి, నిజమే. కానీ ఆఫీసర్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి, గ్రీన్‌కార్డు చాలదు. బావగారు అక్కడున్నారు కదా అని దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీకున్నది పూర్తికాలపు దారి: ఫ్లయింగ్ బ్రాంచ్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలపు ఆఫీసర్ ఉద్యోగం, 14 ఏళ్ళు. దానికి వైమానిక దళమే పెట్టే రాతపరీక్ష ఏఎఫ్‌క్యాట్. యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ (కంబైండ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఇంకో దారి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా బోర్డుకు, అంటే ఆఫీసర్లను ఎంచుకునే ఇంటర్వ్యూ బోర్డుకు, వెళ్ళే దారి మరొకటి.

ఇక్కడ నూటికి తొంభైమంది తప్పేది వయసు లెక్కలో. 20 నుంచి 24 అని ఉంటుంది. అది ఫారం నింపే రోజుకు కాదు, కోర్సు మొదలయ్యే జనవరి 1కో, జులై 1కో. ఉదాహరణకు 2026 జులై కోర్సుకు 2002 జులై 2కీ 2006 జులై 1కీ మధ్య పుట్టినవాళ్ళే అర్హులు. ఫారం మాత్రం అంతకు ఏడాదికి పైగా ముందే, 2025 మధ్యలోనే నింపాల్సి వచ్చింది. అంటే ఫారం నింపే నాటికి 23 దాటితే దాదాపు అయిపోయినట్టే. మీకు 22 ఏళ్ళ 3 నెలలు. 24 నిండేలోగా ఉన్నది 21 నెలలు. అందులో ఫారం నుంచి కోర్సు దాకా పట్టే 13 నెలలు తీసేయండి, 8 నెలలు మిగిలాయి. నోటిఫికేషన్ ఆరు నెలలకొకటి. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఒకటి, మహా అయితే రెండు ఛాన్సులు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతిలో ఉంటే వయసు 26 దాకా సడలిస్తారు. అంతే తప్ప ఆ లైసెన్స్ చూసి రాతపరీక్షగానీ, బోర్డుగానీ, మెడికల్ గానీ ఏదీ మాఫీ చేయరు. "ముందు లైసెన్స్ తీసుకో, ఎయిర్ ఫోర్స్ దానంతటదే వస్తుంది" అని పొలం అమ్మించి పిల్లలను ఫ్లయింగ్ స్కూళ్ళలో చేర్పించే ఏజెంట్ల మాట వింటే కడుపు మండుతుంది. 25 ఏళ్ళలోపు వాళ్ళకు పెళ్ళి కూడా కాకూడదు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఈ మాట ఇప్పుడే చెప్పేయండి.

ఇక కళ్ళు. పైలట్‌కు మయోపియా, అంటే మైనస్ పవర్, సున్నా ఉండాలి. మైనస్ 1.25 తో వెళితే అక్కడితో సరి. అద్దాలు పోవడానికి లేసిక్ అనే లేజర్ సర్జరీ చేయించుకున్నవాళ్ళను ఒప్పుకుంటారు గానీ దానికి షరతులున్నాయి: 20 ఏళ్ళు నిండాక చేయించుకుని ఉండాలి, చేయించుకుని 12 నెలలు గడవాలి, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, పవర్ ఏమీ మిగలకూడదు. కంటిగుడ్డు పొడవుకు కూడా పరిమితి ఉంది, అది ఏ-స్కాన్ అనే కంటి పరీక్షలో తెలుస్తుంది. సర్జరీకి ముందు తీసిన రిపోర్టులు, తేదీతో సహా సర్టిఫికెట్ దాచుకోండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు "అద్దాలు పోవాలి" అని ఊరుకోకుండా "ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్‌కు వెళ్ళాలి, మిగిలే మందం ఎంత" అని అడగండి. మీ 12 నెలలూ ఆ చివరి నోటిఫికేషన్ తాలూకు మెడికల్ నాటికి నిండాలంటే, సర్జరీ నిర్ణయం ఈ నెలలోనే జరగాలి. రంగులు గుర్తుపట్టగలరో లేదో తేల్చే ఇషిహారా ప్లేట్లు కూడా అదే రోజు చూపించమనండి. రంగులు సరిగా కనబడని కంటికి సర్జరీ లేదు, అలాంటప్పుడు డబ్బు ఖర్చు పెట్టుకోవడం ఎందుకు?

కళ్ళ తర్వాత కొలతలు. ఏ కోచింగ్ సెంటరూ మొదటిరోజు ఈ పని చేయదు, చేస్తే ఫీజు పోతుంది కాబట్టి. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు అని అందరికీ తెలుసు. పొడుగువాళ్ళు కూడా పోతారని మాత్రం తెలియదు. కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96, కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64 మించకూడదు. ఇంట్లోనే చూసుకోవచ్చు. కుషన్ లేని చెక్క స్టూలు గోడకు ఆనించి, పిరుదులు గోడకు తగిలేలా నిటారుగా కూర్చోండి. నడినెత్తిన అట్ట అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీస్తే, స్టూలు పైనుంచి ఆ గీత దాకా ఉన్నది కూర్చున్నప్పటి ఎత్తు. మోకాలు మడిచినప్పుడు గోడ నుంచి మోకాలిచిప్ప ముందు అంచు దాకా తొడ పొడవు. నేల మీద గోడకానుకుని కాళ్ళు చాపితే గోడ నుంచి మడమ దాకా కాలి పొడవు. దర్జీ టేపు సాగుతుంది, స్టీలు టేపు వాడండి. పక్కన ఇంకొకరు ఉండి కొలవాలి. ఎవరికి వాళ్ళు కొలుచుకుంటే నడుము వంగుతుంది, సెంటీమీటరో రెండో తేడా వస్తుంది.

ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పేలి పైకి లేచినప్పుడు తొడ పొడవు ఎక్కువగా ఉంటే మోకాళ్ళు ముందున్న ప్యానెల్ అంచుకు కొట్టుకుంటాయి. కూర్చున్న ఎత్తు ఎక్కువైతే తల పైనున్న గాజు కప్పుకు (కానోపీ) తగులుతుంది. కాళ్ళు పొట్టివైతే రడ్డర్ పెడల్ చివరిదాకా అందదు. కాబట్టి మీ తొడ 65 వస్తే ఎవరినీ బతిమాలే పని లేదు. గ్రౌండ్ డ్యూటీ బ్రాంచ్‌లు చూసుకోండి, అక్కడ కంటి నిబంధనలు కూడా ఇంత గట్టిగా ఉండవు.

సర్టిఫికెట్ల దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది, ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, బీటెక్ డిగ్రీలో పొడి అక్షరంగా మిగులుతుంది, ఆధార్‌లో చివరికి పోతుంది. బెంగళూరు వచ్చాక కంపెనీవాళ్ళ కోసం తీసుకున్న పాన్‌లో ఇంకో రకం. ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే మార్పించుకోండి. ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్ విడివిడిగా 50 శాతం రావాలి, రెండేళ్ళ మార్కులూ వేసి చూసుకోండి. బీటెక్‌లో 60 శాతం. సీజీపీఏను ఊరికే పదితో గుణించి రాసేస్తే తప్పు పడవచ్చు, యూనివర్సిటీ సూత్రం వేరు. ఆ సూత్రం ఉన్న కాగితం యూనివర్సిటీ నుంచి తెచ్చుకోండి. అది రావడానికే వారాలు పట్టే చోట్లున్నాయి.

రాతపరీక్ష గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 గంటలు, 100 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఇంజనీరింగ్ చదివిన వాళ్ళకు లెక్కలు పెద్ద కష్టం కాదు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ మీద రెండు నెలలు కూర్చుంటే చాలు.

గట్టెక్కాక బోర్డు ఎక్కడో, తేదీ ఎప్పుడో సైట్‌లో మీరే ఎంచుకోవాలి. మైసూరు తీసుకోండి, మనకు దగ్గర. తేదీలు త్వరగా నిండిపోతాయి, లింక్ తెరిచిన రోజే కూర్చోండి. మొదటిరోజు ఓఐఆర్ అనే తెలివితేటల పరీక్ష, ఆ తర్వాత మసకగా ఉన్న బొమ్మ చూసి కథ రాసి గుంపులో చర్చించడం. ఆ సాయంత్రమే చాలామందిని ఇంటికి పంపిస్తారు. మనవాళ్ళు ఎక్కువగా రాలిపోయేది చర్చ దగ్గరే. కథ బాగా రాస్తారు, ఇంగ్లీషు తప్పు పోతుందేమోనని చర్చలో నోరు మెదపరు. వ్యాకరణం కోసం ఎవరూ మార్కులు కోయరు, మాట్లాడనివాళ్ళకు వేయడానికే మార్కులుండవు. ఇంకోపక్క, కోచింగ్‌లో బట్టీ పట్టించిన కథలు. ఏ బొమ్మ చూపించినా ఒక యువకుడు వరదల్లో ఊరిని కాపాడేస్తాడు. సైకాలజిస్టులు అలాంటివి రోజూ చూస్తూనే ఉంటారు. బొమ్మలో ఉన్నది రాయండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది సీపీఎస్ఎస్, అంటే కంప్యూటర్ మీద పైలట్ ఎంపిక పరీక్ష. ఇది జీవితంలో ఒక్కసారే. ఏఎఫ్‌క్యాట్ మళ్ళీ రాసుకోవచ్చు, బోర్డుకు మళ్ళీ వెళ్ళవచ్చు. ఇది పోతే మళ్ళీ కూర్చోనివ్వరు, సీడీఎస్‌లో వెళ్ళినా అంతే, నేవీ పైలట్ ఎంట్రీకీ పనికిరారు. కాబట్టి సిద్ధం కాకుండా "ఒకసారి చూసొద్దాం" అని మైసూరు వెళ్ళేవాళ్ళు మొదటిరోజే ఇంటికొచ్చేస్తే అదృష్టవంతులు, ఆ ఒక్క ఛాన్సూ మిగులుతుంది.

ఒక భాగం డయల్స్ చదవడం: ఎత్తు చూపే ఆల్టీమీటర్, వేగం, దిక్సూచి, విమానం ఎటు వాలిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్. అన్నీ కలిపి విమానం ఏం చేస్తోందో చెప్పాలి. హొరైజన్ దగ్గరే తికమక. అందులో విమానం బొమ్మ కదలదు, గీత కదులుతుంది. కుడి రెక్క వాలితే గీత కుడివైపు పైకి లేస్తుంది. ముక్కు పైకెత్తితే గీత కిందికి దిగుతుంది. "గీత ఎటు లేచిందో రెక్క అటు వాలింది" అని ఒంటికి పట్టేదాకా ఇంట్లో సిమ్యులేటర్ గేమ్ మీద సాధన చేయండి.

రెండోది చెయ్యి, కాలు, కన్ను, చెవి కలిపి చేయించేది. స్క్రీన్ మీద ఒక చుక్క, అది మధ్యలోని చదరం దాటకూడదు. పైకీ కిందికీ స్టిక్‌తో, పక్కలకు కాలి పెడల్స్‌తో. మధ్యలో లైట్లు వెలుగుతాయి, శబ్దం మోగుతుంది, వాటిని ఎడమచేత్తో ఆపాలి. జరిగేదేమిటంటే, లైటు వెలగగానే కళ్ళు అటు పోతాయి, కాలు పెడల్ మీద బిగుసుకుపోతుంది, చుక్క అంచుకు జారుతుంది. కంగారుపడి గట్టిగా తొక్కితే అవతలి అంచు దాటుతుంది. ఇక అక్కణ్ణుంచి అటూ ఇటూ ఊగడమే. కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ తిప్పినట్టన్నమాట. చేయాల్సింది చిన్న చిన్న ఒత్తిళ్ళు, పెడల్ మీద రెండు పాదాలూ తేలిగ్గా ఆనించి ఉంచడం, ఒక లైటు తప్పిపోయినా చుక్కను వదలకపోవడం. మడమ కదిలే పలుచని సోల్ బూట్లు వేసుకోండి. మందపాటి స్పోర్ట్స్ బూట్లతో పెడల్ స్పర్శ తెలియదు. పరీక్షకు ముందు చెప్పే సూచనలు పూర్తిగా వినండి. ముందురోజు రాత్రి నిద్ర పోండి, ఇది బట్టీ పట్టిన చదువు పనిచేసే పరీక్ష కాదు.

అదీ అయ్యాక మెడికల్. ఢిల్లీ, లేదంటే మన బెంగళూరులోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. 1957 నుంచి ఉన్న సంస్థ, మీ మారతహళ్ళి నుంచి దగ్గరే. కళ్ళు, కొలతలు దాటినవాళ్ళు ఇక్కడ పోయేది ఎక్కువగా వెన్నెముక దగ్గర. మెడ నుంచి నడుము కింద దాకా ఎక్స్‌రేలు తీస్తారు, ఎజెక్షన్ సీటు దెబ్బ పడేది అక్కడే కాబట్టి. నొప్పి లేకపోయినా వంకరో, పుట్టుకతో వచ్చిన తేడానో బయటపడవచ్చు. మైసూరు వెళ్ళకముందే ఒక ఎక్స్‌రే తీయించుకుంటే నష్టం లేదు. చెవిలో గులిమి, పంటి పుచ్చు, బరువు ఎక్కువగా ఉండటం లాంటివి సరిచేసుకోగలిగినవే, కానీ అవి కూడా తేదీలు వెనక్కి నెడతాయి, మీకు నెలలు లేవు. అన్‌ఫిట్ అన్నప్పుడు అప్పీల్ బోర్డు ఉంది, దాని తర్వాత రివ్యూ బోర్డు. ఎలా అడగాలో ఆ కాగితంలోనే ఉంటుంది, గడువు దాటనివ్వకండి.

మెరిట్‌లో పేరు వస్తే హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఏడాదికి పైగా శిక్షణ. ట్రాన్స్‌పోర్ట్ విమానాలకు ఎంపికైతే మళ్ళీ మన బెంగళూరు ఎలహంకకే రావచ్చు. చేరమని పిలుపు వచ్చాక ఎక్కువ టైమ్ ఉండదు. మీ కంపెనీ ఆఫర్ లెటర్ తీసి నోటీసు పీరియడ్ ఎంతో, డబ్బు కట్టి తగ్గించుకునే వీలుందో లేదో ఈ వారంలోనే చదివి పెట్టుకోండి. మూడు నెలల నోటీసు అని ఉంటే మెడికల్ ఫిట్ అన్న రోజునే మేనేజర్‌తో మాట్లాడాలి.