ఆ సీసా దాచుకోకు, చిన్నా

చిన్నా,

బ్రస్సెల్స్‌లో కాంతియోన్ బ్రూవరీకి వెళ్తున్నావట. ఏడాదికోసారి వదిలే ఆప్రికాట్ బీరు, అదే ఫూఫూన్, రుచి చూస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడం కాదు, "అంతా నీ పోలికే" అని నన్నే తిట్టింది. లోపల సంతోషమే వేసింది, దాంతోపాటు దిగులూ పట్టుకుంది.

కడుపు నిండా తినే వెళ్లు. కారు తీయకు. ఆ పొద్దు ఊరగాయ ముట్టకు, కారం నాలుకని మొద్దు చేస్తుంది. సెంటు పూసుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మొదటి గుక్కకి మొహం చిట్లిస్తావు, అది ఖాయం. పాడైందనుకోకు. 1900లో మొదలైన ఆ చిన్న బ్రూవరీలో ఈస్టు కొని వెయ్యరు. బార్లీ మాల్టు, గోధుమ కలిపి కాచిన రసాన్ని పైకప్పు కింద వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా చల్లారనిస్తారు. గాల్లో ఉన్నదీ పీపా చెక్కలో ఉన్నదీ పట్టుకుని అదే పులుస్తుంది. మన తాటికల్లు లొట్టిలో జరిగేదీ ఇదే కదా! కాకపోతే కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. లాంబిక్, అంటే ఇలా దానంతటదే పులిసే బీరు, ఆ పులుపుకి రావడానికి పీపాల్లో ఏళ్లు పడుతుంది. చలి నెలల్లోనే కాస్తారు, ఎండల్లో పనికిరాని బ్యాక్టీరియా దూరుతుంది గనక.

పాత గడ్డివాము, గుర్రపు జీను వాసన వస్తే అది బ్రెట్టానోమైసిస్ అనే ఈస్టు పని, తప్పు కాదు. గోళ్లరంగు తుడిచే మందులా ముక్కుకి కొడితేనో, తడిసిన అట్టపెట్టె వాసన వస్తేనో అనుమానించు. రెండోది గాలి సోకిన గుర్తు.

బుడగల్లేని లాంబిక్ ఇస్తే ముందు అది. తర్వాత గూజ్, అంటే ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపి సీసాలో మళ్లీ పులియబెట్టింది. పండు వేసినవి చివర్న. మధ్యలో ఉప్పులేని రొట్టెముక్క, మంచినీళ్లు.

ఇక అసలు సంగతి. పండు సీసా కొని "మంచిరోజు చూసి తీద్దాం" అని దాచకు. ఈ తప్పు నేనూ చేశాను, మూడేళ్లు దాచాను. ఏమవుతుందో విను. గూజ్ ఏళ్ల తరబడి నిలుస్తుంది, మెరుగూ అవుతుంది. అది చూసి ఆప్రికాట్‌దీ అంతే అనుకుంటాం. కానీ సీసాలో ఈస్టు బతికే ఉంటుంది, ఊరుకోదు. పండు తీపిని ఎప్పుడో తినేసి ఉంటుంది. మిగిలేది వాసన ఒక్కటే, అదే అన్నిటికంటే ముందు పోతుంది. కొత్తలో మూత తీయగానే ముగ్గిన పండు తొక్క వాసన గదంతా కమ్ముతుంది. మూడేళ్లకి రంగుంటుంది, పులుపుంటుంది, పండు ఉండదు. బంగినపల్లి పండు కోసం వెళ్తే మామిడి ఒరుగు చేతిలో పెట్టినట్టు! కొన్న కొద్ది నెలల్లోనే తాగెయ్యి. ఆకుపచ్చ సీసా వెలుతుర్ని సరిగా ఆపదు, అందాకా చీకట్లో ఉంచు.

ఫ్రిజ్ చలిలోనే పొయ్యకు, వాసన లేవదు. తీసి అరగంట ఆగు, పన్నెండు డిగ్రీల దగ్గర బాగుంటుంది. మడ్డి అడుగున చేరేలా ముందురోజే నిలబెట్టు. ఇనుప మూత కింద బిరడా ఉంటుంది. సీసా కాస్త వంచి, బిరడా మీద గుడ్డ పెట్టి నెమ్మదిగా లాగు, లేకపోతే సగం నేలపాలు. 750 మిల్లీల సీసాకి కనీసం నలుగురుండాలి. ఒంటరిగా తెరిస్తే మీ అమ్మతో నేనే చెప్తాను.

నా భయం ఒకటుంది. పులుపు వల్ల అది బీరులా అనిపించదు, నిమ్మరసంలా దిగిపోతుంది. కానీ అందులోనూ ఐదారు శాతం ఆల్కహాలు ఉంటుంది. నూరు మిల్లీల చొప్పున ఆరు గ్లాసులంటే, మన దగ్గరి 650 మిల్లీల పెద్ద బీరు సీసా ఒకటి దాదాపు అయిపోయినట్టే. మూడు పోయించుకుని లేచి నడువు. నీ వాలకం నీకే తెలుస్తుంది.

నాకొక సీసా తెస్తానన్నావట. వద్దురా. ఈ మే ఎండల్లో అది ఇల్లు చేరేసరికి ఏమీ మిగలదు. అక్కడే తాగి, కల్లుకి ఎంత దగ్గరగా ఉందో రాయి.

మీ మామయ్య