పాత స్పీకర్‌ఫోన్, కొత్త విండోస్: దావాకు ముందు ఎర్రర్ కోడ్ చూడండి

ప్రశ్న: 2017లో కొన్న యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్, వారం క్రితం కంప్యూటర్‌ను విండోస్ 10 నుంచి 11కు మార్చినప్పటి నుంచి పలకడం లేదు. ఏదో ఎర్రర్ వస్తే మూసేశాను. క్లయింట్లతో నా సమావేశాలన్నీ ఆగిపోయాయి. తయారీ సంస్థ నన్ను నట్టేట ముంచింది. నష్టపరిహారం కోరవచ్చునా? డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) ఎవరిదో విండోస్ చూసే సంతకాల తనిఖీ ఆపేసి పాత డ్రైవర్ వేసుకోమని మిత్రుడు చెబుతున్నారు.

జవాబు: మీ వ్యవహారం ఒక్క ప్రశ్న మీద తేలుతుంది. ఈ పరికరం విండోస్ 11లో పనిచేస్తుందని తయారీ సంస్థ ఎప్పుడైనా రాతపూర్వకంగా చెప్పిందా? విండోస్ 11 విడుదలైంది 2021 అక్టోబర్ 5న. 2017లో అమ్మిన పెట్టె మీద ఆ పేరు ఉండే అవకాశమే లేదు. పైగా వారంటీ కొన్న తేదీ నుంచి లెక్కకు వస్తుంది గాని, మీరు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన రోజు నుంచి మళ్లీ మొదలు కాదు. సంస్థ ఆ తరువాత విండోస్ 11ను తన జాబితాలో చేర్చి ఉంటే, తేదీ కనిపించేలా ఆ పేజీని భద్రపరచి, లిఖితపూర్వకంగా పరిష్కారం అడగండి. అది లేకుంటే దావా ఆలోచన మానుకోండి.

ఎర్రర్‌ను చదవకుండా మూసేయడం క్షమించరాని అజాగ్రత్త. ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అదే. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిస్తే కోడ్ మళ్లీ కనిపిస్తుంది: 28 అయితే డ్రైవర్ లేదని, 10 అయితే పరికరం మొదలుకాలేదని, 52 అయితే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ ధృవీకరించలేకపోయిందని అర్థం. స్క్రీన్‌షాట్ తీసుకోండి. తరువాత పరికరాన్ని మరొక కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడా పలకకపోతే లోపం పరికరానిదో, కేబుల్‌దో కావచ్చు, అప్పుడు విండోస్ మార్పే కారణమన్న మీ మాట నిలవదు.

మీ మిత్రుడి సలహా మాత్రం పాటించవద్దు. స్టార్టప్ సెట్టింగ్స్‌లో ఆ తనిఖీని ఆపితే తరువాతి రీస్టార్ట్ వరకే పనిచేస్తుంది; శాశ్వతం చేయాలంటే టెస్ట్ మోడ్ (పరీక్ష కోసం రాసిన డ్రైవర్లను రానిచ్చే స్థితి) పెట్టాలి, అందుకు సెక్యూర్ బూట్‌ను (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే రక్షణను) కూడా ఆపవలసి వస్తుంది. ఎవరు రాశారో తెలియని డ్రైవర్‌కు సిస్టమ్ లోపలి పొరల్లోకి దారి ఇచ్చిన కంప్యూటర్‌లో క్లయింట్ల సంభాషణలు నడిపి, అవి బయటపడితే, సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

చేయవలసింది ఇది. చాలా యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్లు యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తాయి. వాటికి విండోస్‌లోని సొంత డ్రైవరే సరిపోతుంది, అడ్డుపడేది పాత సంస్థ డ్రైవరే కావచ్చు. డివైస్ మేనేజర్‌లో పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించే గడిని టిక్ చేసి, రీస్టార్ట్ చేసి, ఒక పోర్టును పలు పోర్టులు చేసే హబ్ ద్వారా కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టులో పెట్టండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్‌కు అనుమతి ఇచ్చి, సమావేశపు యాప్‌లో మైకుగానూ స్పీకరుగానూ దీన్నే ఎంచుకోండి. మైకుగా దీన్నీ స్పీకరుగా వేరేదాన్నీ, లేదా అటుదిటుగా ఎంచుకుంటే పరికరంలోని ప్రతిధ్వని నివారణ సరిగా పనిచేయదు. కాల్ ఎత్తే, మ్యూట్ చేసే బటన్లు పనిచేయకపోవచ్చు, మాట మాత్రం వినిపించాలి.

అప్పటికీ పలకకపోతే పాత విండోస్‌కు తిరిగి వెళ్లవచ్చు, కాని దానికి గడువు మార్చిన నాటి నుంచి సాధారణంగా 10 రోజులే. మీకు ఏడు గడిచాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, విండోస్ 11 పేరు పెట్టె మీద స్పష్టంగా ఉన్న పరికరం కొనే వరకే అక్కడ ఉండండి. ఈసారి బిల్లునూ పెట్టెనూ పారేయకండి.