నోటిమాట మీద పుస్తకం తియ్యకు

అమ్మడూ,

ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. నువ్వు చూసుకునే స్కూలు లైబ్రరీకి ఎవరో తండ్రి వచ్చి ఒక కథల పుస్తకం మీద కేకలేశాడు. ప్రిన్సిపల్ గారేమో "ఎందుకమ్మా గొడవ, లోపల పెట్టేయ్" అన్నారు. నువ్వు టెన్షన్ పడుతున్నావు. అంతేగా?

ముందు ఆ పుస్తకాన్ని ఉన్నచోటే ఉంచు. ఆయన మళ్లీ వస్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తెల్లకాగితం చేతికివ్వు. ఏ పుస్తకం, ఏ పేజీ, ఏమిటి అభ్యంతరం, మొత్తం చదివారా, ఏం చెయ్యమంటారు అన్నవి రాసిమ్మను. అమెరికా లైబ్రరీల్లో దీనికి ఫారమే ఉంటుందిట. నా లైబ్రేరియన్ సర్వీసులో చూశాను, కేకలేసేవాళ్లు చాలామంది కాగితం చూడగానే చల్లబడతారు. కూర్చుని రాసేవాళ్లు నిజంగా బాధపడ్డవాళ్లు, వాళ్ల మాట శ్రద్ధగా విను. "మా పిల్లకి ఇవ్వద్దు" అంటే ఆ పిల్ల కార్డు మీద రాసుకో, తండ్రిగా అది ఆయనిష్టం. "ఏ పిల్లకీ ఇవ్వద్దు" అంటే మాత్రం ఆయనా నువ్వూ గుమ్మం దగ్గర నిలబడి తేల్చేసే పని కాదు. ఇద్దరు టీచర్లు, ఒక పేరెంటు, నువ్వు కలిసి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, నిర్ణయం రాసి సంతకాలు పెట్టండి. ఒక్క ప్రతే ఉంటే మన విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఇంకోటి దొరుకుతుందేమో చూడు.

కాగితం కాగితం అని ఎందుకంటున్నానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి కళ్లెర్రజేస్తే భయపడి ఒక నవలని బీరువాలో పెట్టి తాళం వేశాను. రిజిస్టర్‌లో ఉంది, రాక్‌లో లేదు. ఇంటర్ చదివే ఒకమ్మాయి మూడుసార్లు వచ్చి అడిగింది. మూడుసార్లూ "ఎవరో తీసుకెళ్లారమ్మా" అన్నాను. నాలుగోసారి రాలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, నా జీతం అందులోంచే. వాళ్ల నాన్నా కట్టే ఉంటాడు. స్టాక్ లెక్కకి బీరువా తీసేసరికి సముద్రపు గాలికి అట్టంతా బూజు.

ప్రభుత్వం నిషేధిస్తే కనీసం పోట్లాడ్డానికి ఒక ఉత్తర్వుంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 1922లో వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, 1928లో కొన్ని మార్పులతో ఒప్పుకుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టింది. 1936లో మళ్లీ నిషేధం. మరుసటేడు రాజాజీ ప్రభుత్వం వచ్చి ఎత్తేసింది. నా బీరువా తాళం సంగతి ఎవరికి తెలుసని, ఎవరు పోట్లాడతారు?

"ఇది బ్యాన్ చేసిన పుస్తకం" అని ఎవరైనా గద్దిస్తే నోటిఫికేషన్ చూపించమను. పుస్తకాన్ని జప్తు చెయ్యాలంటే రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చూపి నోటిఫికేషన్ ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 95వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98. దానిమీద రెండు నెలల్లోపు హైకోర్టుకీ వెళ్లొచ్చు.

మీది ప్రైవేటు స్కూలు. మేనేజ్‌మెంట్ గట్టిగా వద్దంటే నువ్వు ఆపలేవు, ఉద్యోగం పోగొట్టుకోమని నేననను. ఆ వద్దన్న మాటేదో రాసిమ్మని అడుగు. రిజిస్టర్‌లో "మేనేజ్‌మెంట్ ఆదేశం మేరకు తొలగించడమైనది" అని తేదీ వెయ్యి. కారణం రాయాల్సొచ్చినప్పుడు చాలామంది ఇంకోసారి ఆలోచిస్తారు.

ఆరో తరగతి రాక్‌లో పెద్దపిల్లల పుస్తకం ఉంటే మార్చు, తప్పేం లేదు. చిరిగిపోయిన పాత జీకే పుస్తకాలు తీసేసినా అంతే. నా భయమల్లా వచ్చే జూన్ గురించి. కొత్త పుస్తకాల లిస్టు రాసేటప్పుడు ఈ గొడవ గుర్తొచ్చి ఒక పేరు దగ్గర నీ పెన్ను ఆగుతుంది. కొనని పుస్తకం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు కదా! కొట్టేసిన పేర్లతో సహా ఆ లిస్టు నాకు చూపించు.

అన్నట్టు, ఆ కథల పుస్తకం నేనూ చదవలేదు. ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు పట్టుకురా. ఇష్యూ రిజిస్టర్‌లో నీ పేరు రాసి మరీ తే.

మీ మావయ్య